బేరింగ్ ఉత్తరం ఎవరు విడిపించుకోవాలి?

ప్రశ్న: మేడమ్, అంబత్తూరు ఎస్టేట్‌లో మాకు చిన్న ప్రెస్ టూల్స్ యూనిట్ ఉంది. స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ చిరునామా, తీసుకుని ఆఫీసులోనే మెయిల్ సర్వర్ పెట్టుకున్నాం. పక్క షెడ్‌లో మా బామ్మర్ది ప్యాకింగ్ సామాన్ల వ్యాపారం చేస్తాడు. మధ్యలో ఒక కేబుల్ లాగి, మూడేళ్లుగా వాళ్ల మెయిల్స్ కూడా మా సర్వర్ గుండానే పంపిస్తున్నాం. దీపావళి ముందు అతను ఎవరి దగ్గరో కొన్న లిస్టు పెట్టుకుని తొమ్మిది వేల మందికి ఆఫర్ మెయిల్ కొట్టాడు. మర్నాటికల్లా మా ఐపీ బ్లాక్‌లిస్టులో, అంటే ఎవరి మెయిల్ తీసుకోకూడదో చూసుకునే జాబితాలో, పడింది. శ్రీపెరుంబుదూర్ పార్టీకి మేం పంపిన కొటేషన్ తిరిగొచ్చింది. ఐదు రోజులు మెయిల్ లేదు. మనిషిని పిలిపించి సరిచేయించుకుంటే 6,500 అయింది. బామ్మర్దిని అడిగితే ‘మెయిల్ ఫ్రీ కదా బావా, నీ సర్వర్ ఎలాగూ ఆన్‌లోనే ఉంటుంది, నేను పంపితే నీకు కరెంటు ఎక్కువ కాలిందా?’ అంటున్నాడు. ఇంట్లో మా ఆవిడ రెండు రోజులుగా ముభావంగా ఉంటోంది. ఒకరి మెయిల్ ఇంకొకరి నెట్‌వర్క్ గుండా పోతే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?
— పేరు వేయవద్దన్న పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: పేరు వేయలేదు. కానీ ఈ పత్రిక మీ బామ్మర్ది ఇంటికి కూడా వస్తుంటే మాత్రం నన్నేమీ అనకండి.

6,500 అతనే కట్టాలి. అయితే తలుపు తీసిపెట్టింది మీరు కాబట్టి మీకూ రెండు మాటలు చెప్పాల్సి ఉంది. అవి చివర్లో.

‘కరెంటు ఎక్కువ కాలిందా’ అన్నాడే, అది తెలివైన ప్రశ్న. నిజంగానే కాలలేదు. టోకున మెయిల్ చేరవేసే కంపెనీలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అమెజాన్ వాళ్ల ఎస్ఈఎస్ సర్వీసు వెయ్యి మెయిళ్లకు 10 సెంట్లు తీసుకుంటుంది. ఆ లెక్కన మీ బామ్మర్ది తొమ్మిది వేల ఉత్తరాల రవాణా మొత్తం వంద రూపాయల లోపే. ఆ వంద కోసం బావాబామ్మర్దులు మాట్లాడుకోవడం మానేయక్కర్లేదు. కానీ మీకు పోయింది రవాణా ఖర్చు కాదు, పేరు. అవతలి సర్వర్లకు మీ బామ్మర్ది ఎవరో తెలియదు. కవరు మీద వాళ్లకు కనిపించేది మీ ఐపీ ఒక్కటే. ఆయన ఉత్తరాలకు మీరు హామీ సంతకం పెట్టినట్టు లెక్క. అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే బ్యాంకు హామీదారు ఇంటికి వచ్చినట్టే, బ్లాక్‌లిస్టు మీ గుమ్మంలోకి వచ్చింది.

ఇలాంటి తగాదాలో నేను ఒకసారి నలిగాను. అప్పుడు పోయింది పేరు కాదు, అచ్చంగా డబ్బే.

1992. అప్పటికి ఈ ఊరు మద్రాసే. నెల్లూరు నుంచి వచ్చి మౌంట్ రోడ్డు వెనక సందులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. మా మెయిల్ యూయూసీపీ అనే పద్ధతిలో నడిచేది. ఎప్పుడూ తెరిచి ఉండే లైను లేదు. ఉత్తరాలన్నీ పగలు ఒక డైరెక్టరీలో పోగుపడేవి. రాత్రి 11 దాటాక, ఎస్టీడీ పావు చార్జీకి దిగాక, మెషిన్ దానంతటదే బొంబాయిలోని ఇంకో మెషిన్‌కు డయల్ చేసి మావి ఇచ్చి, మాకు వచ్చినవి తెచ్చుకునేది. నేను ఆరున్నరకే బస్సెక్కేసేదాన్ని. పొద్దున వచ్చి లాగ్ చూడటమే నా పని. కింది అంతస్తులో ఒక తోలు ఎగుమతి వ్యాపారి, ఎదురుగా ఒక షిప్పింగ్ ఏజెంటు. వాళ్లిద్దరి మెయిల్ కూడా మా మోడెమ్, అంటే కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు కలిపే పెట్టె, గుండానే పోయేది. మా బాస్‌కు వాళ్లు స్నేహితులు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు.

ఒకరోజు ఎనిమిదింబావుకు తాళం తీసి లోపలికి వెళ్తే మోడెమ్ మీద సీడీ అని రాసి ఉండే ఎర్ర లైటు ఇంకా వెలుగుతోంది. అంటే లైను మీదే ఉంది. పైన చెయ్యి పెడితే చురుక్కుమంది. లాగ్ తీశాను. జర్మనీలో తోలు వ్యాపారి కస్టమర్ ఎవరో హ్యాండ్‌బ్యాగు డిజైన్ స్కాన్ చేసి పంపించాడు. ఒక మెగాబైటు పైన ఉంది. మాది సెకనుకు 2400 బిట్ల మోడెమ్, లైను ఒక్కసారి కూడా తెగకపోతేనే దానికి గంటంబావు పడుతుంది. రాత్రి ఆరుసార్లు తెగింది. మా దగ్గరున్న యూయూసీపీకి ఆగిన చోటి నుంచి అందుకోవడం తెలియదు. ఫైలు ముప్పావు వంతు వచ్చాక లైను తెగినా మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టేది. ఏడోసారి నడుస్తోంది. అప్పటికే ఎనిమిది దాటింది, ఫుల్ రేటు. వైరు పీకేద్దామని చెయ్యి దాకా వచ్చింది. పీకితే రాత్రంతా దండగ, ఉంచితే మీటరు గిర్రున తిరుగుతోంది. పీకలేదు. తొమ్మిదింటికి ఫైలు దిగింది. ఆ నెల ఫోన్ బిల్లు మామూలుకన్నా దాదాపు రెట్టింపు వచ్చింది.

బాస్ బిల్లు పట్టుకుని కిందికి వెళ్లాడు, వెనక నేను. ఆ తోలు వ్యాపారి పెద్దాయన, మంచివాడు. తల అడ్డంగా ఊపి ‘నాన్ కేక్కవే ఇల్లమ్మా’ అన్నాడు. నేను అడగనే లేదమ్మా, వాడు పంపాడు అని. న్యాయమే కదా! జర్మనీ అతన్ని అడిగితే నా వైపు ఫోన్ ఖర్చు నేను పెట్టుకున్నానంటాడు. అదీ న్యాయమే. మధ్యలో బొంబాయికి డయల్ చేసింది మేము కాబట్టి బిల్లు మాకొచ్చింది. మా అమ్మమ్మ కాలంలో స్టాంపు లేకుండా వచ్చే బేరింగ్ ఉత్తరం సరిగ్గా ఇదే. రెట్టింపు పోస్టేజి కట్టి విడిపించుకోవాలి. కానీ అక్కడ ఒక సౌకర్యం ఉంది. పోస్ట్‌మ్యాన్ కవరు చేతికిచ్చే ముందే అడుగుతాడు, వద్దనవచ్చు. మా మేనమామ ఉద్యోగం దొరికితే కవరు మూల ఒక చుక్క పెట్టి బేరింగ్‌లో పంపేవాడట. అమ్మమ్మ చుక్క చూసి నవ్వుకుని, వద్దని తిప్పి పంపేసేదట. ఇప్పటి మిస్డ్ కాల్‌కు తాత అన్నమాట. మోడెమ్‌కు ఆ సౌకర్యం లేదు. ఉత్తరం దిగాకే దాని బరువు తెలిసేది.

దాంతో బాస్ నాచేత ఒక లెడ్జర్ పెట్టించాడు. ఎవరిది ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని నిమిషాలు. ప్రతి నెలా ఒకటో తారీఖు, రెండో తారీఖు నాకు అదే పని. అందులో నూటపదహారు చిక్కులు. లైను తెగి మళ్లీ చేసిన కాల్ ఎవరి ఖాతాలో రాయాలి? ఒకే కాల్‌లో ముగ్గురి ఉత్తరాలు దిగితే మొదటి నిమిషం ఎవరిది? షిప్పింగ్ ఏజెంటు ఒక నెల మూడు రూపాయల తేడాకి పైకొచ్చి అరగంట కూర్చున్నాడు, ఆ అరగంటలో నేనే రెండు కాఫీలు తెప్పించాను. నాలుగు నెలలకు లెడ్జర్ మూసేశాం. మనిషికి నెలకు ఇంత అని ఒక మొత్తం పెట్టుకున్నాం. దాంతోపాటు ఒక కట్టుబాటు: 100 కిలోబైట్లు దాటిన ఫైలు ముందు చెప్పకుండా రాకూడదు, కావాలంటే ఫ్లాపీలో కొరియర్ చేయించుకోవాలి. ఆ తర్వాత నేను అక్కడ ఉన్నన్నాళ్లూ గొడవ లేదు.

మా సందులో జరిగింది అంతకుముందే అమెరికాలో పెద్ద ఎత్తున జరిగింది. 1980లలో అక్కడ ఐహెచ్ఎన్‌పీ4 అని ఒక మెషిన్ ఉండేది, ఇల్లినాయ్‌లో ఏటీ అండ్ టీ వాళ్లది. ఊరూపేరూ తెలియని కంప్యూటర్ల మెయిల్ కూడా అది మోసేది. జనం తమ చిరునామా రాసేటప్పుడు ‘ఐహెచ్ఎన్‌పీ4 దాకా చేర్చండి, అక్కడి నుంచి ఇలా రండి’ అని దారి రాసుకునేవారు, మన పల్లెల్లో రావిచెట్టు గుర్తు చెప్పినట్టు. ఫోన్ కంపెనీ వాళ్ల మెషిన్ కాబట్టి ఫోన్ బిల్లు నొప్పి వాళ్లకు అంతగా తెలియలేదనుకుంటాను. వర్జీనియాలో సీస్మో అనే ఇంకోటి ఉండేది. భూమి అదురును గమనించే కేంద్రం అది. అణుపరీక్షల జాడ పట్టాల్సిన కంప్యూటర్ ప్రపంచం ఉత్తరాలు మోస్తూ కూర్చుంది! అక్కడ పనిచేసిన రిక్ ఆడమ్స్ 1987లో, యూజ్‌నిక్స్ అనే కంప్యూటర్ వాళ్ల సంఘం సాయంతో, యూయూనెట్ అనే సంస్థ పెట్టి ఆ మోతను డబ్బుకు చేయడం మొదలుపెట్టాడు. ఉచితంగా మోసి మోసి చివరికి కొట్టు తెరిచాడన్నమాట. నాకది ఆశ అనిపించదు. ఉచితంగా మోసేవాడికి విసుగొచ్చిన రోజున అందరి ఉత్తరాలూ ఒక్కసారే ఆగిపోతాయి. డబ్బు తీసుకునేవాడు కనీసం ముందు నోటీసు ఇస్తాడు.

తపాలా వాళ్లయితే అంతకు వందేళ్ల ముందే ఈ ముడి విప్పామనుకున్నారు. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో చాలా దేశాలు కూర్చుని, స్టాంపు అమ్మినవాళ్లే ఆ డబ్బు ఉంచుకోవాలి, అవతలి దేశం వచ్చిన ఉత్తరాన్ని ఊరికే బట్వాడా చేయాలి అని రాసుకున్నాయి. ప్రతి ఉత్తరానికీ జవాబు వస్తుంది కాబట్టి లెక్క తనంతట తనే సరిపోతుందని వాళ్ల నమ్మకం. 1969లో టోక్యో సమావేశం దాకా అలాగే లాక్కొచ్చారు. ఎక్కువ పంపే దేశాలు, ఎక్కువ అందుకునే దేశాలు వేరువేరని అప్పుడు ఒప్పుకుని, బట్వాడా చేసేవాళ్లకు కొంత ఇవ్వాలని తీర్మానించారు. మీ బామ్మర్దిని ఈ ఒక్క మాట అడగండి: తొమ్మిది వేల ఉత్తరాలు రాశావు, జవాబులు ఎన్నొచ్చాయి?

ఇక మీ సంగతి. సర్వర్‌లో ఎవరి మెయిల్ ముందుకు పంపవచ్చో రాసే జాబితా ఒకటి ఉంటుంది. అందులో మీరు పక్క షెడ్ నెట్‌వర్క్ మొత్తాన్ని చేర్చేసి ఉంటారు. పాస్‌వర్డ్ లేదు, గంటకు ఇన్నే అన్న హద్దూ లేదు. మా కాలంలో ఎవరి ఉత్తరమైనా మోయడం మర్యాద. స్పామ్, అంటే ఎవరూ అడగని టోకు మెయిల్, వచ్చాక ఆ మర్యాద తప్పయింది. మెయిల్ సర్వర్లు నడిపే సెండ్‌మెయిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో, 1998లో వచ్చిన 8.9 నుంచి, ముక్కూమొహం తెలియనివాళ్ల మెయిల్ మోయకపోవడమే దాని మామూలు పద్ధతి అయింది. తెలిసినవాళ్లకు తలుపు మనమే తీయాలి. తీసేటప్పుడు ఎంత తీయాలో కూడా మనమే చూసుకోవాలి. మీరు బార్లా తీసిపెట్టారు.

కాబట్టి ఆ జాబితాలోంచి పక్క షెడ్‌ను ఈ రోజే తీసేయండి. మామూలు బిల్లులు, ఆర్డర్ల మెయిళ్లకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి గంటకు యాభై, అరవై మెయిళ్లకు మించకుండా హద్దు పెట్టండి. దానికి నెలకు ఒక మొత్తం అనుకోండి, స్టాటిక్ ఐపీ బిల్లులో మూడో వంతు న్యాయంగా ఉంటుంది. మెయిళ్లు లెక్కపెట్టి వసూలు చేద్దామని మాత్రం అనుకోకండి, నా లెడ్జర్ గుర్తుంది కదా. టోకు ఆఫర్లు అతని సొంత డొమైన్ మీద, అతని సొంత అకౌంట్‌తో, డబ్బు తీసుకునే సర్వీసు ద్వారా పోవాలి. కొన్న లిస్టుతో వెళ్తే వాళ్లూ గెంటేస్తారు. అది అతను, వాళ్లు చూసుకుంటారు.

ఇంకోటి. మీ 6,500 ఆ మనిషి కూలీకే పోయిందా, బ్లాక్‌లిస్టు వాళ్లకు కట్టానని కూడా అన్నాడా? స్పామ్‌హౌస్ లాంటివాళ్లు పేరు తీయడానికి పైసా తీసుకోరు. కట్టానని ఉంటే రసీదు అడగండి.

ఈ డబ్బును పండగ బట్టల ఖాతాలో సర్దేయాలని మాత్రం చూడకండి. మీ ఆవిడ ముభావం ఇంకో రెండు వారాలు పెరుగుతుంది.

ప్రశ్న: ఈమెయిల్ పంపే ప్రతివాళ్ల దగ్గరా మెయిల్‌కు పది పైసలు తీసుకుని, అందుకునే నెట్‌వర్క్‌కు ఇచ్చేస్తే స్పామ్ మొత్తం పోదా? మా టీమ్‌లో లంచ్ దగ్గర దీని మీద పెద్ద గొడవే అయింది.
— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీ టీమ్ కన్నా ముందు చాలామంది ఈ గొడవ పడ్డారమ్మా. 1992లో సింథియా ద్వర్క్, మోని నవోర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు డబ్బు వద్దు, పంపేవాడి కంప్యూటర్ కాసేపు కష్టమైన లెక్క చేయాలి అన్నారు. 1997లో ఆడమ్ బ్యాక్ హ్యాష్‌క్యాష్ పేరుతో అలాంటిదే చేసి చూపించాడు. 2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ రెండేళ్లలో స్పామ్ సంగతి తేల్చేస్తామన్నాడు. మీ ఇన్‌బాక్స్ చూసుకోండి. 2006లో మెయిల్ సర్వీసులు నడిపే ఏఓఎల్, యాహూ కలిసి గుడ్‌మెయిల్ అనే కంపెనీ ద్వారా టోకున పంపేవాళ్ల దగ్గర మెయిల్‌కు పావు సెంటు నుంచి ఒక సెంటు దాకా తీసుకోబోయాయి. స్వచ్ఛంద సంస్థలు గోల పెట్టాయి. 2011లో గుడ్‌మెయిల్ మూతపడింది.

ఎందుకు కుదరదంటే, స్పామ్ పంపేవాడు తన కంప్యూటర్‌తో పంపడు. వైరస్ ఎక్కిన ఏ రిటైర్డ్ మాస్టారి కంప్యూటర్ నుంచో పంపుతాడు. పది పైసల బిల్లు ఆ మాస్టారికి వెళ్తుంది. ఆయన సైబర్ క్రైమ్ స్టేషన్ చుట్టూ తిరుగుతుంటాడు.

ఇంకో ఇబ్బంది మన ఫోన్లలోనే చూశాం. ఒక కంపెనీ ఫోన్ నుంచి ఇంకో కంపెనీ ఫోన్‌కు కాల్ పోతే, చేసిన కంపెనీ అందుకున్న కంపెనీకి నిమిషానికి ఇంత అని కట్టేది. 2015లో 14 పైసలు, 2017 అక్టోబరు నుంచి 6 పైసలు. ఆరు పైసలే కదా అనుకుంటాం. 2019లో ఆ ఆరు పైసల కోసం కంపెనీలు రింగ్ మోగే సమయాన్ని తగ్గించాయి. త్వరగా కట్ అయితే మిస్డ్ కాల్ అవుతుంది, అవతలివాళ్లు తిరిగి చేస్తారు, పైసలు ఇటొస్తాయి. ఫోన్ టీవీ పక్కన పెట్టి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేలోపు కట్ అయిపోయేది, నేను నెట్‌వర్క్‌ను తిట్టుకునేదాన్ని. చివరికి మొబైల్ రింగ్ 30 సెకన్లు ఉండాల్సిందేనని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది. 2021 జనవరి 1 నుంచి ఆ చార్జీయే సున్నా చేశారు. ఎవరి కస్టమర్ దగ్గర వాళ్లు తీసుకోండి, ఒకరికొకరు ఇచ్చుకోనక్కర్లేదని. మెయిల్‌కు పది పైసలు పెడితే ఇలాంటి వేషాలు ఎన్ని చూడాలో.

డబ్బు బదులు ఇప్పుడు నడుస్తున్న పద్ధతికే నా ఓటు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ టోకున పంపేవాళ్లకు కొత్త నిబంధనలు పెట్టాయి. జీమెయిల్ అయితే రోజుకు 5,000కు పైన పంపేవాళ్లందరికీ. డొమైన్ తరఫున డిజిటల్ సంతకం ఉండాలి. స్పామ్ అని ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. చేరితే మీ మెయిల్ గుమ్మం దగ్గరే ఆగిపోవచ్చు. పోస్ట్‌మ్యాన్‌కు వద్దని చెప్పే సౌకర్యం, మా మోడెమ్‌కు లేనిది, ఇన్నాళ్లకు వచ్చింది. దీనివల్ల పెద్ద కంపెనీల చేతికి తాళాలు వెళ్లాయని మీ టీమ్‌లో ఎవరైనా అంటే, వాళ్ల మాటా నిజమే. లంచ్‌లో దాని మీద పడండి.

ప్రశ్న: అమ్మా, 1997లో మా అబ్బాయి అమెరికాలో చదువుకునేటప్పుడు ఇంటి దగ్గర ఎస్టీడీ బూత్‌కు ఈమెయిల్ పంపేవాడు. వాళ్లు ప్రింటు తీసి, పేజీకి పది రూపాయలు తీసుకుని ఇచ్చేవారు. ఉత్తరం ఎంత చిన్నదైనా సగం పేజీ ఏవో పిచ్చిరాతలు ఉండేవి, దానికీ డబ్బే. ఉత్తరం పంపినవాడు కట్టాలి గానీ అందుకున్న నేను కట్టడం ఏమిటి? ఆ కాగితాలు ఇంకా దాచాను.
— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: మీరు కట్టింది బేరింగే. మీ ఒక్కరికే కాదు, అమెరికాలో కంప్యూసర్వ్ అనే పెద్ద సర్వీసు కూడా ఒకప్పుడు ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఉత్తరాలకు అందుకున్నవాళ్ల దగ్గరే తీసుకునేది. ఇక్కడ వీఎస్ఎన్ఎల్ అనే ప్రభుత్వ టెలికాం కంపెనీ జనానికి ఇంటర్నెట్ ఇచ్చిందే 1995 ఆగస్టు 15న. బూత్ అతను ఏడాది చందా కట్టాలి, ఫోన్ బిల్లు కట్టాలి, ప్రింటర్ రిబ్బన్ కొనాలి. మీ అబ్బాయికి కాలేజీలో మెయిల్ ఊరికే వచ్చేది కాబట్టి ఆ ఖర్చంతా ఈ చివర పడింది. బూత్ అతను ఆ పిచ్చిరాతల సగం వదిలేసి ఉత్తరం మాత్రమే ప్రింటు తీసి ఉండవచ్చు. తెలియకో, తెలిసో!

కానీ ఆ పిచ్చిరాతలు పిచ్చిరాతలు కావండీ. ఉత్తరాన్ని మోసిన ప్రతి కంప్యూటరూ ‘ఫలానా దాని దగ్గర తీసుకున్నాను, ఫలానా వేళకు’ అని పైన ఒక వరస చేరుస్తుంది, పోస్టాఫీసు ముద్రల్లాగా. ‘రిసీవ్డ్’ అనే మాటతో మొదలయ్యే వరసలు వెతకండి. పైనుంచి కాదు, కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికన్నా కింద ఉన్నది మీ అబ్బాయి కాలేజీ కంప్యూటర్, అన్నిటికన్నా పైన ఉన్నది ఇక్కడి వీఎస్ఎన్ఎల్‌ది. పక్కనే టైము కూడా ఉంటుంది. అమెరికా టైముకూ మన టైముకూ తేడా తీసేసి చూడండి, మీ అబ్బాయి ఉత్తరం పెరంబూరు చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో తెలుస్తుంది. బూత్ అతను ప్రింటు తీసేదాకా ఎన్ని గంటలు అక్కడే పడి ఉందో మాత్రం అందులో ఉండదు.